ఏ అప్పలరాజండీ?

విశాఖపట్నంలో చనిపోవడానికి ఎవరి అభ్యంతరమూ లేదు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్నవాళ్లు మాత్రం కాస్త ఆలోచించి పోవాలి.

మా పెదనాన్న ఆలోచించలేదు. ఆయన పేరు అప్పలరాజు. ఫ్యామిలీ పెన్షన్‌కి డెత్ సర్టిఫికెట్ కావాలంటే పెద్దమ్మని వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాను.

"రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి."

"అదెక్కడుంటుందండీ?"

"సర్టిఫికెట్ మీద."

"దాని కోసమే కదండీ వచ్చాం!"

"మరి నంబరు లేకపోతే ఎలా ఇస్తామండీ?"

చివరికి జాలిపడి పేరుతో వెతికాడు. తెర నిండా అప్పలరాజులే. "ఏ అప్పలరాజండీ?" గాజువాక అన్నాను. గాజువాకలోనే నలుగురున్నారట. కిందికి జరుపుతుంటే అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలనరసయ్య. చందనోత్సవం రోజు కొండ మీద క్యూ కూడా ఇంత పొడుగుండదు. తాతయ్య పేరు చెప్పాక మావాడు దొరికాడు.

కాగితం పట్టుకుని పెన్షన్ వాళ్ల దగ్గరికి పరిగెత్తాం. వాళ్లు భూతద్దం పెట్టినంత శ్రద్ధగా చదివారు. సర్వీసు పుస్తకంలో ఇంగ్లీషు అప్పలరాజుకి రెండు పీలు, ఇందులో ఒకటే. కాబట్టి పోయినాయన వేరే మనిషి. పెద్దమ్మ బిత్తరపోయింది. "ఏటి బాబూ ఈ పీ? ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేశాను, నాకెప్పుడూ చెప్పలేదే!"

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం దొడ్డ మనసున్నదే. 21 రోజుల్లోపు చెబితే పైసా అడగదు. ఎవరైనా రిజిస్టరు వెతికించుకోవచ్చు. ఇచ్చే నకలులో చావుకి కారణం మాత్రం బయటపెట్టకూడదు, అంత మర్యాద. పొరపాటు పడిందని రిజిస్ట్రారుకి రుజువైతే అసలు రాతని చెరపకుండా మార్జిన్‌లో సవరణ రాసి, సంతకం పెట్టి, తేదీ వేయొచ్చని 15వ సెక్షన్ చెబుతోంది. అంటే ఒక పీ, ఒక సంతకం, ఒక తేదీ.

దానికి మా పెద్దమ్మని నాలుగుసార్లు తిప్పారు. నోటరీ అఫిడవిట్ అన్నారు, ఇద్దరు సాక్షులన్నారు, "నువ్వేనా భార్యవి?" అని కూడా అడిగారు. ఆ పీ మింగేసింది మా పెదనాన్నా? ఆ అక్షరాలు కొట్టేటప్పటికి ఆయన బూడిదైపోయాడయ్యా! తప్పు చేసిన చెయ్యి ఏసీ గదిలో ఉంది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కేది ఈవిడా? సిగ్గుండాలి.

అయిదోసారి పని అయింది. ఆటోలో ఇంటికొస్తుంటే పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక మెల్లగా అడిగింది. ఆవిడ పేరు అప్పలనరసమ్మ.

"ఒరే, నా దాంట్లో ఎన్ని పీలుంటాయో ఇప్పుడే చూసి పెట్టరా."