తాలూకా వాళ్లను సంతకానికేనా పిలిచేది?

లేబర్ రూమ్ తలుపు కాస్త తెరిచి ఆయమ్మ కేకేస్తుంది: "ఫలానా పేషెంట్ తాలూకా ఎవరమ్మా?" పేషెంట్ వెంట వచ్చిన మనుషులెవరని అడగడమది. విశాఖలో పురుడు చూసిన ఏ ఇంటివాళ్లకైనా ఈ కేక చెవిలో ఉండిపోతుంది. బెంచీ మీద కునుకు తీస్తున్న అమ్మమ్మ, మెట్ల మీద కూర్చున్న భర్త, ఫ్లాస్కు పట్టుకున్న వదిన ఒక్కసారే లేస్తారు. సంతకం పెట్టాలి. లేదా చీటీ పట్టుకుని మందుల షాపుకు పరిగెత్తాలి. లేదా రక్తం తేవాలి. తాలూకా వాళ్ల పని అంతవరకే. 'ఇక్కడ ఏం మారిస్తే బాగుంటుంది' అని తాలూకా వాళ్లను కూర్చోబెట్టి అడిగిన ఆసుపత్రిని నేనైతే చూడలేదు.

మా చెల్లి మొదటి కాన్పుకి నగరంలోని ఒక ఆసుపత్రిలో రాత్రి పదకొండు నుంచి తెల్లారేదాకా ఆ తలుపు బయటే ఉన్నాను. పన్నెండున్నరకు ఒకసారి "ఇంకా టైముంది" అన్నారు. మూడు గంటలకు ఆపరేషన్ అని కాగితం తెచ్చారు. ఎందుకని అడిగితే "లేటైపోతోంది, ముందు సంతకం పెట్టండి" అన్నారు. మా మరిది, అంటే చెల్లి భర్త, పెట్టేశాడు. ఏ గడిలో పెట్టాడో కూడా చూసుకోలేదు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటికొచ్చారు. ఆ డాక్టరమ్మ చేతి చలవ అని మా అమ్మ ఇప్పటికీ దణ్ణం పెడుతుంది. వైద్యంలో లోపముందని నేనూ అనను. కానీ చెల్లి మాత్రం ఆ రాత్రి మాటెత్తితే ఒకటే అంటుంది: "నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారని నాకు స్ట్రెచర్ మీద తెలిసిందక్కా."

ఇలాంటివి ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కవు. రిజిస్టర్ లెక్కల్లో మన రాష్ట్రం బాగానే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. మాతృ మరణాలు 2018-20 లెక్కలో ప్రాణాలతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు 45. దేశం మొత్తానికి అదే లెక్క 97. ఆశా కార్యకర్తలు గడపగడపా తిరిగి, 108 వాళ్లు అర్ధరాత్రి పరుగులు పెట్టి సాధించిన ఫలితమిది, తీసిపారేసేది కాదు. అయితే అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంకో అంకె ఉంది. రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 63 శాతం. ఇందులో ఎన్ని అవసరమై చేసినవి, ఎన్ని ముహూర్తం కోసం, ఎన్ని నొప్పుల భయంతో, ఎన్ని డాక్టర్ల వెసులుబాటు కోసం చేసినవి? ఆ సమాధానంలో సగం డాక్టర్ల దగ్గర ఉంటే సగం ఆ తల్లుల దగ్గరే ఉంది. వాళ్లను అడగకుండా సిజేరియన్లు తగ్గించండని సర్క్యులర్లు పంపితే ఏమవుతుంది?

ఏమవుతుందో ఇంగ్లండ్‌లో ఒకచోట తేలింది. ష్రూస్‌బరీ, టెల్‌ఫర్డ్ ఆసుపత్రుల్లో కాన్పుల మీద డోనా ఆకెండెన్ అనే సీనియర్ మిడ్‌వైఫ్ (కాన్పులు చేయడంలో శిక్షణ పొందినావిడ) 2022లో నివేదిక ఇచ్చారు. 1,486 కుటుంబాల అనుభవాలు పరిశీలించి, సరైన వైద్యం అంది ఉంటే 201 మంది శిశువులు బతికి ఉండేవారేమో అని తేల్చారు. అక్కడి జబ్బు మనకు పూర్తిగా ఎదురు. సిజేరియన్లు తక్కువని చెప్పుకోవడం వాళ్లకు గొప్ప, అందుకని అవసరమైన చోట కూడా ఆలస్యం చేశారు. ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ. రెండుచోట్లా తల్లి మాట మాత్రం వినలేదు. ఆ విచారణ కూడా బిడ్డల్ని పోగొట్టుకున్న రెండు కుటుంబాలు ఏళ్లతరబడి పట్టుబట్టబట్టే మొదలైంది. తాలూకా వాళ్లే తలుపు నెట్టారన్నమాట.

అదే దేశంలో 2016లో వచ్చిన ప్రసూతి సేవల సమీక్ష తర్వాత ప్రాంతాలవారీగా 'మెటర్నిటీ వాయిసెస్ పార్ట్‌నర్‌షిప్' అనే బృందాలు పెట్టారు. ఈమధ్యే కాన్పయిన తల్లులు, వాళ్ల భాగస్వాములు, మిడ్‌వైఫ్‌లు, డాక్టర్లు, నిధులిచ్చే అధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. బృందాన్ని నడిపేది సాధారణంగా సేవలు పొందినవాళ్లలో ఒకరే. క్లుప్తంగా ఎంవీపీ అనేవారు. మన విశాఖలో ఎంవీపీ అంటే ఒక కాలనీయే కాబట్టి మొదటిసారి చదివినప్పుడు నేనూ కాసేపు తికమకపడ్డాను. వాళ్లు చేసే పనుల్లో నాకు నచ్చింది 'పదిహేను అడుగులు' అనేది. వార్డులోకి పదిహేను అడుగులు వేసేసరికే తన పిల్లకు ఇక్కడ ఎలాంటి వైద్యం అందుతుందో చెప్పేయగలనని ఒక తల్లి అన్న మాట నుంచి పుట్టిందది. తల్లులు, సిబ్బంది కలిసి వార్డులోకి నడుస్తారు. ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఏం వాసనొచ్చింది, గోడల మీద ఏం రాసుంది అన్నీ రాసుకుంటారు.

మన ఆసుపత్రిలోకి పదిహేను అడుగులు వేయండి. మొదటి అడుగులోనే చెప్పుల గుట్ట. రెండోదానికి 'మగవారికి ప్రవేశం లేదు' బోర్డు. అయిదోదానికి కింద దుప్పటి పరుచుకుని పడుకున్న అత్తగారు, ఆవిడ తల దగ్గర అన్నం క్యారియర్. తండ్రికి కుర్చీ ఉండదు, కబురు చెప్పేవాళ్లుండరు. చెప్పేది ఒక్కసారే, అదీ బిడ్డను చూపించేటప్పుడు. ఆ చూపించడానికి కొన్నిచోట్ల రేటు కూడా ఉంటుంది, ఆడపిల్లకో రేటు, మగపిల్లాడికో రేటు. అందరికీ తెలిసిన సంగతే. అయినా దీనిమీద లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చినవాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఎందరున్నారు? ఎవరిస్తారు, బిడ్డ ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉంటే!

ఫిర్యాదు పెట్టె, ఫీడ్‌బ్యాక్ ఫోను పనికిరావనేది ఇందుకే. మంచం మీద కుట్లతో ఉన్న బాలింతను అడిగితే "అంతా బాగానే ఉందమ్మా" అంటుంది. ఫోన్‌లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటే వాళ్లాయన ఒకటి నొక్కి పెట్టేస్తాడు. పైగా ఫిర్యాదంటే ఒకరి మీద ఒకరు చేసేది. చేశాక నర్సుకు మెమో వస్తుంది, వార్డు అలాగే ఉంటుంది. రాత్రి డ్యూటీలో మనిషి చాలక ఒక్కతే ఇన్ని మంచాలు చూసుకునే నర్సు చిరాకు పడకుండా ఎలా మాట్లాడుతుంది? ఆ సంగతి తల్లులకూ తెలియాలి. ఒక బల్ల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. అప్పుడు 'నర్సును మందలించండి' అనే డిమాండు 'రాత్రికి ఇంకో నర్సును వేయండి'గా మారుతుంది. ఆ మాట నర్సు అంటే కలెక్టరు వినకపోవచ్చు, పదిమంది తల్లులంటే వింటారు.

ఇది మనకు మరీ కొత్త ఆలోచనేమీ కాదు. పాత నగరంలోని విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. ఘోషా అంటే పరదా. పరదా పాటించే స్త్రీలు మగవాళ్లుండే ఆసుపత్రికి రారు కాబట్టి వాళ్లకు వీలైన పద్ధతిలో విడిగా నడిపిన ఆసుపత్రులకు ఆ రోజుల్లో ఆ పేరొచ్చింది. రాకపోతే మీ ఖర్మ అనకుండా, ఎలా ఉంటే వస్తారో ఆలోచించి సేవను అటు జరిపారు.

ఇప్పుడు విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి ఎవరొస్తున్నారో చూడండి. పాడేరు అవతలి గూడేల నుంచి కొంత దూరం డోలీలో, తర్వాత వంద కిలోమీటర్ల పైన అంబులెన్సులో వచ్చే గర్భిణి. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి రిఫర్ చేస్తే వచ్చినవాళ్లు. భర్త వేటకెళ్లి సముద్రం మీద ఉంటే అత్తతో ఆటోలో వచ్చిన జాలారిపేట అమ్మాయి. గాజువాకలో కాంట్రాక్టు పనికొచ్చిన బిహారీ కుర్రాడి భార్య, ఆమెకు తెలుగు ముక్క రాదు. వీళ్లందరికీ మర్యాద ఒకటే కావచ్చు గానీ ఇబ్బందులు ఒకటి కావు. ఏజెన్సీ గర్భిణులను తేదీకి ముందే తెచ్చి ఉంచే వసతి గృహాలున్నాయి. మంచి ఏర్పాటే. కానీ ఇంట్లో మూడేళ్ల పిల్ల ఉంటే ఆ తల్లి దాన్ని ఎక్కడ వదిలి వస్తుంది? ఆ గూడెం నుంచి వచ్చిన ఒక్క తల్లిని అడిగినా మొదటి మాటగా ఇదే చెప్పి ఉండేది.

కమిటీలకేం కొదవలేదు. ప్రభుత్వాసుపత్రులకు అభివృద్ధి సంఘాలున్నాయి. అధికారులు, ప్రజాప్రతినిధులు, దాతలు ఉంటారు. ఫ్యాన్లు, పెయింట్లు, పార్కింగ్ గురించి మాట్లాడతారు. గత ఏడాదిలో ఆ ఆసుపత్రిలోనే కాన్పయిన ఇద్దరు తల్లులకు, ఒక తండ్రికి అందులో కుర్చీ వేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ప్రసవ సమయంలో తల్లి పక్కన తోడు ఉండవచ్చని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆడతోడు, వీలైతే కాన్పు అనుభవమున్నావిడ అయితే మంచిదని, చాటు ఏర్పాటున్నచోట భర్తనూ అనుమతించవచ్చని అందులో ఉంది. మంచానికీ మంచానికీ మధ్య కర్టెన్ లేనిచోట పక్కావిడ మానం సంగతేంటని సిస్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కర్టెన్‌కి ఎంతవుతుందన్నది అభివృద్ధి సంఘంలో తల్లి అడగాల్సిన ప్రశ్న.

ఒక్క జాగ్రత్త. ఇలాంటి కమిటీల్లోకి మాట్లాడటం వచ్చినవాళ్లే ముందు చేరిపోతారు, అంటే నాలాంటివాళ్లు. ఇంగ్లండ్ బృందాల్లోనూ చదువుకున్న తెల్లవాళ్లే ఎక్కువన్న విమర్శ ఉంది. దినకూలీ మానుకుని చంటిబిడ్డతో మీటింగుకు రమ్మంటే ఆ పూట కూలి, ఆటో చార్జీలు ఇవ్వాలి. టీ, బిస్కెట్లు పెట్టి సన్మానం చేస్తే సరిపోదు. భాష రానివాళ్లకు భాష వచ్చిన ఆశా వర్కర్ కావాలి.

అడగడానికి వేళ కూడా ఉంది. నెలన్నరకు బిడ్డకు టీకా వేయించడానికి బుధవారమో శనివారమో ఆ తల్లి మళ్లీ సూది గదికి వస్తుంది. అప్పటికి కుట్ల నొప్పి తగ్గి ఉంటుంది, బిడ్డ ఒళ్లో ఉంటుంది, ఎవరికీ భయపడక్కర్లేదు. సూది వేశాక ఎలాగూ అరగంట కూర్చోమంటారు. ఆ అరగంటలో ఒక కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని అడిగితే చాలు. అడిగేది సిస్టర్ కాకుండా, రెండు నెలల ముందు అదే బెంచీ మీద కూర్చున్న ఇంకో తల్లి అయితే ఇంకా బాగుంటుంది. మా చెల్లిని అడిగాను, వెళ్తావా అని. "ఎంతసేపుంటుంది, పిల్లాడు స్కూల్ నుంచి వచ్చేలోపు వచ్చేయొచ్చా?" అంది.