పాస్ కొనేముందు పిల్లల ఎత్తు చూసుకోండి
మూడుసార్లు వెళ్తే థీమ్ పార్క్ ఏడాది పాస్ డబ్బులు వచ్చేసినట్టేనని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. చిన్నపిల్లలున్న ఇంటికి ఆ లెక్క సరిపోదండీ. మేముండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. బిడది దగ్గరున్న వండర్‌లా థీమ్ పార్క్‌కి వెళ్లాలంటే మెట్రో పర్పుల్ లైన్‌లో ఈ చివర ఎక్కి ఆ చివర చల్లఘట్టలో దిగాలి, అక్కణ్ణించి మళ్లీ బస్సో క్యాబో పట్టాలి. నిద్రపోయిన పిల్లని భుజాన వేసుకుని, ఇంకో చేత్తో తడిబట్టల సంచి మోసుకుంటూ ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. ఏడాదికి మూడుసార్లు మావల్ల కాదు. దారి ఖర్చు, తిండి ఖర్చు పాస్‌లో రావు కదా! ఇంకో సంగతి, అక్కడ పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్టే అక్కర్లేదు, అలాంటప్పుడు వాళ్లకి పాస్ ఎందుకు? పెద్ద రైడ్లకీ ఎత్తు నియమం ఉంటుంది. ఒక పార్కులో మా పాప కొలత గీత దగ్గర మునివేళ్ల మీద నిలబడింది. అయినా అందలేదు, ఎంత ఏడ్చిందో! క్షేమం కోసం పెట్టిన నియమం, వాళ్లని తప్పు పట్టను. కానీ సగం రైడ్లు ఎక్కలేని పిల్లకి ఏడాది పాస్ కొనడం నాకు న్యాయంగా అనిపించలేదు. దసరా సెలవుల్లో, ఆదివారాల్లో పాస్ చెల్లుతుందో లేదో కూడా ముందే అడగండి, ఉద్యోగస్తులకి కుదిరేది ఆ రోజులే. మేమైతే ఏడాదికొకసారి టికెట్ కొని వెళ్తున్నాం, మిగతా ఆదివారాలు లాల్‌బాగ్, కబ్బన్ పార్క్.