సవరణ: ఎలక్ట్రానిక్ థ్రాటిల్ వేరు, ఏబీఎస్ వేరు

"ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉంటే చేతికీ ఇంజనుకూ మధ్య కంప్యూటర్ ఉన్నట్టే" అని బైకుల గురించి మొన్న నేను రాసిన మాటను కొందరు విశాఖ మిత్రులు బ్రేకులకూ అన్వయించుకుని, ఏబీఎస్‌కు (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) కూడా అలాంటి థ్రాటిల్ ఉండాలనుకున్నారు. ఏబీఎస్‌కు ఆ థ్రాటిల్ అక్కర్లేదు. థ్రాటిల్‌ను కేబుల్‌తో లాగే మామూలు బండిలోనూ ఏబీఎస్ ఉంటుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ సంగతి ఇది: యాక్సిలరేటర్ ఎంత తిప్పామో సెన్సర్ చదువుతుంది, ఇంజనులోకి గాలిని వదిలే వాల్వ్‌ను చిన్న మోటారు తెరుస్తుంది. అలాగని కేబుల్ పూర్తిగా పోవాలనీ లేదు. 2006 యమహా ఆర్6 బైకులో యాక్సిలరేటర్ నుంచి సెన్సర్ దాకా కేబుళ్లే ఉండేవి.

ఇలాంటి బళ్లలో వానకోసం ఇచ్చే రెయిన్ మోడ్ అనే సెట్టింగ్ థ్రాటిల్ స్పందనను మెత్తబరుస్తుందే తప్ప టైరు పట్టును పెంచదు. అరిగిన టైర్లతో, ఆ మోడ్‌ను నమ్ముకుని వానలో సింహాచలం ఘాట్ ఎక్కవద్దని వేడుకుంటున్నాను. భీమిలి వైపు రోజూ తిరిగేవారు ఉప్పుగాలికి వైర్ల కనెక్టర్లు తుప్పు పట్టాయేమో సర్వీసులో చూపించుకోండి.