సవరణ: ఆట మూసుకోకపోతే పవర్ బటన్ నొక్కకండి

కంప్యూటర్‌లో ఆట మూసుకోక బిగుసుకుపోతే పవర్ బటన్‌ను ఆరిపోయేదాకా నొక్కి పట్టమని మొన్న రాశాను. అది తప్పు. కందుకూరులో ఉన్న మా మేనల్లుడు ఆ మాట నమ్మి అలాగే చేశాడు. తెర మూలన సేవ్ గుర్తు అప్పటికి ఇంకా గిర్రున తిరుగుతూనే ఉందట. రెండు నెలలుగా ఆడుతున్న ఆట మళ్లీ మొదటికి వచ్చింది. వాడి ముఖం చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

విండోస్‌లో అయితే ముందు ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అది ఆటను మూసుకోమని అడుగుతుంది, అంతే. సేవ్ చేసుకునే వ్యవధి దానికి ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. అప్పటికీ కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, నడుస్తున్న ప్రోగ్రాములన్నీ చూపించే టాస్క్ మేనేజర్‌లో ఆట పేరు ఎంచుకుని 'ఎండ్ టాస్క్' ఇవ్వండి. తెర మీద ఆట లేకపోయినా లాంచర్ (ఆటను తెరిచే ప్రోగ్రాం) మాత్రం ఆట ఇంకా నడుస్తోందని చూపిస్తుంటే, టాస్క్ మేనేజర్‌లోనే 'డీటెయిల్స్' పేజీలో ఆటకు చెందిన, వెనక ఇంకా నడుస్తున్న ప్రాసెస్‌ను వెతికి ఆపాలి.

టాస్క్ మేనేజర్‌తో ఆపడమూ బలవంతపు మూతే, సేవ్ కానిది పోతుంది. కానీ తక్కిన ప్రోగ్రాముల జోలికి పోదు. పవర్ బటన్ అన్నది మౌసు, కీబోర్డు రెండూ పలకనప్పుడే.