ఎనిమిది ఓటీపీలు

సోమవారం పొద్దున్నే, బెంగళూరు మారతహళ్ళి పీజీలో ల్యాప్‌టాప్ తెరవగానే నీలం తెర. మీద ఎర్రర్ పేరు: డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, కింద వైఫై డ్రైవర్ (వైఫైని నడిపించే సాఫ్ట్‌వేర్) ఫైలు పేరు. శుక్రవారం రాత్రి ఆఫీసువాళ్ళు అప్‌డేట్ తోసేసి హాయిగా ఇళ్ళకెళ్ళిపోయారు. పేజింగ్ (డిస్క్‌లో ఉన్న మెమరీని ర్యామ్‌లోకి తెచ్చుకోవడం) కుదరని స్థాయిలో నడుస్తూ డ్రైవర్ ర్యామ్‌లో లేని మెమరీని ముట్టుకుంటే విండోస్ అక్కడికక్కడే ఆగిపోతుంది. తాళి కట్టే వేళకి పంతులుగారు "మంత్రాల పుస్తకం ఇంట్లో ఉండిపోయింది, ఇప్పుడే వస్తా" అన్నట్టు.

హెల్ప్‌డెస్క్ అమ్మాయి "రిమోట్‌లో చూస్తాం సార్, ముందు నెట్‌కి కనెక్ట్ అవ్వండి" అంది. కనెక్ట్ అయితేనే కదమ్మా కూలుతోంది!

సరే, అత్యవసరమైనవి మాత్రమే లేపే సేఫ్ మోడే గతి. లాగిన్ తెరలో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్, స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4. (5 నొక్కారో, నెట్‌వర్కింగ్‌తో సహా వస్తుంది, దొంగకి తాళాలిచ్చినట్టే.) ఆ 4 దాకా పోకముందే డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ అడ్డం పడింది: 48 అంకెల రికవరీ కీ కావాలట. ఆ అమ్మాయి చదువుతుంది, మనం పైకి అంటూ కొట్టాలి. ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది. ప్రతి గుంపూ 11తో శేషం లేకుండా పోవాలి; పక్కపక్క అంకెలు తారుమారైతే అందుకే దొరికిపోతాం.

ఇంతలో పీజీలో వండిపెట్టే నెల్లూరు ఆంటీ, చేతిలో దోసె గరిటెతో.

"ఏందబ్బయ్యా, ఫోన్లో నంబర్లు చెప్తుండావు? ఓటీపీ ఎవరికీ చెప్పగూడదని అంత మొత్తుకుంటా ఉంటే!"

"ఓటీపీ కాదాంటీ, కీ."

"ఆరంకెలే గదా?"

"ఆరే. కానీ ఎనిమిది సార్లు..."

"ఎనిమిదా!"

ఫోన్ లాక్కుంది. "సిగ్గులేదా మే, పిలకాయలు చెమటోడ్చి సంపాదించుకుంటా ఉంటే!" అవతల కట్. అప్పటికి ఏడో గుంపులో ఉన్నాం.

మళ్ళీ ఫోన్ చేసి కీ పూర్తిచేశాక, మిగతాది పది నిమిషాల పని. పాత డ్రైవర్ని పీకేసి కొత్తది పెట్టారు కాబట్టి రోల్ బ్యాక్ బటన్ నొక్కుడే పడదు. ఉత్త అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ డ్రైవర్లని దాచుకునే డ్రైవర్ స్టోర్‌లోంచి అదే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. పీఎన్‌పీ యుటిల్ అనే విండోస్ కమాండ్‌తో, స్టోర్‌లో దానికిచ్చిన ఓఈఎం నంబరు పట్టుకుని, ఫోర్స్ కొట్టి డిలీట్ చెయ్యాలి. తర్వాత మామూలుగా రీస్టార్ట్ చేసి, పాతది దింపుకోవడానికి ఫోన్‌తో యూఎస్‌బీ టెదరింగ్ (కేబుల్‌తో ఫోన్ నెట్ వాడుకోవడం).

రాత్రి భోజనాల దగ్గర పీజీ అంతా కంచాల ముందు కూర్చున్నాక, ఆంటీ సాంబారు గరిటె గాల్లోనే ఆపి అడిగింది:

"ఎంత పోయిందబ్బయ్యా, నిజం చెప్పు?"