కాఫీ పొడి పుట్టుపూర్వోత్తరాలు

తెనాలి రైతుబజార్లో వంకాయలు కొనాలన్నా మా బాబాయి "ఏ ఊరివి? మందు ఎన్నిసార్లు కొట్టారు?" అని అడగందే సంచి తెరవడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి, జవాబు రాకపోతే అక్కణ్ణించి కదలడు. ఇంట్లో కాఫీ పొడి నిండుకోవడంతో అలాంటివాణ్ణి బెంగళూరు మారతహళ్ళిలో ఓ సూపర్‌మార్కెట్ బేస్‌మెంటుకు తీసుకెళ్ళాల్సి వచ్చింది.

పిన్నికి పచ్చచుక్క కనిపిస్తే చాలు, సరుకు బుట్టలో పడుతుంది. బాబాయికి అంత తేలిగ్గా తేలదు. ప్యాకెట్ తిరగేసి, బార్‌కోడ్ కింది నంబరు చూసి, "ఒరేయ్, 890తో మొదలైంది. మన దేశంలో తయారైనట్టే" అన్నాడు. వాట్సాప్ విద్య. కంపెనీ ఆ నంబరు ఇండియాలో తీసుకుందని మాత్రమే దానర్థం, సరుకు ఎక్కడిదో అది చెప్పదన్నాను.

"మరెవరు చెబుతారు?"

అరల దగ్గరున్న కుర్రాడు అస్సాం నుంచి వచ్చినవాడు. బాబాయి కన్నడమనుకుని మాట్లాడిన తెలుగు అతనికి అంతుబట్టలేదు. నవ్వి, ప్యాకెట్ మీది క్యూఆర్ కోడ్ చూపించి వెళ్ళిపోయాడు. దాని పక్కన తలపాగా చుట్టుకున్న రైతు ఫొటో. చెట్ల నీడన పండిన కాఫీ, రైతుకు న్యాయమైన ధర, మా కథ కోసం స్కాన్ చేయండి, అని రాసుంది. చిక్కమగళూరు వైపు కాఫీ తోటలు పెద్ద చెట్ల నీడన పెరగడం, ఆ చెట్ల మీద పక్షులు బతకడం నిజమే. న్యాయమైన ధర ఎంతో మాత్రం ఎక్కడా లేదు.

బాబాయికి తెలిసిన స్కానర్ ఒక్కటే, డబ్బులు పంపే యాప్. దాంతోనే స్కాన్ చేశాడు. ఈ కోడ్ చెల్లదని వచ్చింది.

"పాపం, ఖాతా మూసేసినట్టున్నాడ్రా" అన్నాడు రైతు ఫొటో వంక జాలిగా చూస్తూ.

నా ఫోన్ తీశాను. బేస్‌మెంటులో సిగ్నల్ లేదు. షాపు వైఫై ఉంది గానీ, అది ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ రావాలంటే సిగ్నల్ కావాలి. క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాల లెక్క చూసుకోవడానికి కనిపెట్టారట. విడిభాగాలకు సందేహాలుండవు కాబట్టి అక్కడ బాగానే నడిచుంటుంది.

"ఏమండీ, కాఫీ కొంటున్నారా, సంబంధం చూస్తున్నారా?" అంటూ పిన్ని కందిపప్పు వైపు వెళ్ళిపోయింది.

నేను వైఫైతో కుస్తీ పడుతుంటే బాబాయి నా చేతిలోని ఫోనూ, ప్యాకెట్టూ లాక్కుని, సిగ్నల్ వెతుక్కుంటూ ఎస్కలేటర్ ఎక్కేశాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి గేటు కుయ్యోమంది. ఖరీదైన కాఫీకి దొంగల భయంతో ట్యాగు అంటించారు మరి. నేను పరుగున వెళ్ళేసరికి సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డుపెట్టి నిలబడి ఉన్నాడు. హిందూపురం మనిషి.

"బిల్లు యాడ సార్?"

"బిల్లు కాదయ్యా, దీని చరిత్ర తెలుసుకోవడానికి వచ్చాను!"

ముప్పై ఏళ్ళ సర్వీసులో పిల్లలు చెప్పిన సాకులన్నీ నమ్మిన మా బాబాయి మాట ఆ ఒక్క మనిషి నమ్మలేదు. మేనేజరొచ్చాడు. ట్రాలీలతో ఓ పదిమంది మూగారు. అప్పుడే, నాలుగు గీతల సిగ్నల్‌తో, పేజీ తెరుచుకుంది. ముందు లొకేషన్ అడిగింది. తర్వాత ఫోన్ నంబరు. తర్వాత బ్యాచ్ నంబరు. అది ప్యాకెట్ అడుగున, మడతలో, సగం చెరిగిపోయి ఉంది. మేనేజర్ కూడా కళ్ళజోడు పెట్టుకుని వెతికాడు. చివరికి వీడియో మొదలైంది. కొండలు, పొగమంచు, పిల్లనగ్రోవి. రైతు నోరు తెరిచేలోపు ఆగి, మా సేవకు ఎన్ని చుక్కలిస్తారని అడిగింది.

ఈలోగా సెక్యూరిటీ అతను ప్యాకెట్ అందుకుని తీరిగ్గా ముందువైపు చదివాడు. కాఫీలో చికోరీ అనే వేరు పొడి కలిపితే ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలని మన దేశంలో నిబంధన ఉంది.

"దీంట్లో నలభై శాతం చికోరీనే ఉండాది కద సార్. ఇంత పెద్దగా రాసినారే!"

బాబాయి ప్యాకెట్ వెనక్కి తీసుకుని, రైతు ఫొటో మీద వేలు పెట్టి మేనేజర్ని నిలదీశాడు. "ఈయన కాఫీ రైతు. సరే. మరి చికోరీ రైతు ఫొటో ఏదయ్యా?"