పచ్చసొనను పారేయకండి

ఉడికిన గుడ్డును రెండుగా చీల్చి, పచ్చసొనను వేలితో పక్కకు తోసేసి, తెల్లసొన మాత్రం నోట్లో వేసుకోవడం మన హైదరాబాద్ నగరంలో ఆరోగ్యం మీద శ్రద్ధకు గుర్తయిపోయింది. కోచింగ్ కోసం అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటున్న కుర్రాళ్లు జిమ్ నుంచి వచ్చి ఇలాగే తింటున్నారు. యాభై దాటిన నాన్నలకు ఇళ్లలో ఇలాగే పెడుతున్నారు. 'పచ్చసొన గుండెకు మంచిది కాదట' అని ఎవరో అన్న మాట ఇంటింటా స్థిరపడిపోయింది. అదే నగరంలో, నాలుగు వీధుల అవతల బస్తీ అంగన్‌వాడీలో, వేళ్లకు అంటిన పచ్చసొనను కూడా వదలకుండా తినే పిల్లలున్నారు. వాళ్లకు ఆ గుడ్డు రోజూ దొరకాలి. వీళ్లకు ఆ భయం పోవాలి. ఈ రెండూ మాకు ఒకే సమస్యగా కనిపిస్తున్నాయి కాబట్టే ఈ మాట చెబుతున్నాం.

ముందు గుడ్డులో ఏముందో చూద్దాం. సుమారు 50 గ్రాముల గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల కొవ్వు, 70కి కాస్త పైన కేలరీలు ఉంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన లెక్కల ప్రకారం 55 కిలోల బరువున్న మహిళకు రోజుకు దాదాపు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే రెండు గుడ్లు తింటే అందులో నాలుగో వంతు తీరిపోతుంది. పైగా ఆ మాంసకృత్తులు నాసిరకం కావు. శరీరం సొంతంగా తయారు చేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాలూ వాటిలో సరైన పాళ్లలో ఉంటాయి. వాటిలో ఒకటై, అన్నంలో కొరవడే లైసిన్‌ను గుడ్డు పూడుస్తుంది. పళ్లెం నిండా అన్నం, పైన ఇంత పలుచటి చారుతో సరిపెట్టుకునే ఇళ్లలో ఒక్క గుడ్డు చేసే మేలు అందుకే అంత పెద్దది.

తెల్లసొనే మాంసకృత్తులు, పచ్చసొన అంతా కొవ్వు అనుకోవడం సగమే నిజం. గుడ్డులోని మాంసకృత్తుల్లో 40 శాతం దాకా పచ్చసొనలోనే ఉంటాయి. ఎ, డి, ఇ విటమిన్లు మొత్తంగా అక్కడే. బి12 చాలా భాగం అక్కడే. కంటిపాపకు వెనక, చూపు నిలిచే చోట పేరుకుని కంటిని కాపాడే లూటిన్, జియాజాంథిన్ అక్కడే. గర్భంలోని బిడ్డ మెదడు ఎదగడానికి అవసరమైన కోలిన్ కూడా అక్కడే. గర్భిణికి ఒక రోజుకు కావలసిన కోలిన్‌లో మూడో వంతుకు దగ్గరగా ఒక్క గుడ్డు ఇస్తుంది. నెలలు నిండుతున్న కోడలికి 'వేడి చేస్తుంది, వద్దు' అని గుడ్డు ఆపేసే అత్తలు, అమ్మలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలని మా విన్నపం.

ఇంత ఉన్న పచ్చసొన మీద అంత భయం ఎందుకొచ్చింది? దాని మూలాలు వందేళ్ల వెనక ఉన్నాయి. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కోవ్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకు శుద్ధమైన కొలెస్టరాల్‌ను నూనెలో కలిపి తినిపించాడు. వాటి రక్తనాళాల్లో కొవ్వు పేరుకుపోయింది. గుండె జబ్బుల పరిశోధనలో అది గొప్ప ముందడుగే. కానీ కుందేలు గడ్డి తినే జంతువు. కొలెస్టరాల్‌ను తిని అరిగించుకునే ఏర్పాటు దాని ఒంట్లో మనకున్నంతగా లేదు. ఆ తర్వాత అమెరికాలో గుండె జబ్బులు ప్రబలాయి. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కొలెస్టరాల్ వద్దనీ, వారానికి మూడు పచ్చసొనలు దాటొద్దనీ చెప్పింది. ఒక గుడ్డులో 180 నుంచి 200 మిల్లీగ్రాముల దాకా కొలెస్టరాల్ ఉంటుంది కాబట్టి గుడ్డు ముద్దాయి అయిపోయింది. ఆ సలహా సముద్రాలు దాటి మన డాక్టర్ల చీటీల్లోకీ, అక్కడి నుంచి మన వంటిళ్లలోకీ వచ్చింది.

మన రక్తంలో తిరిగే కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి వచ్చింది కాదు, మన కాలేయం తయారు చేసింది. తిండిలో ఎక్కువ వస్తే కాలేయం తన తయారీని తగ్గించుకుంటుంది. చాలామందిలో ఈ సర్దుబాటు బాగానే జరుగుతుంది, కొందరిలో అంతగా జరగదు. చెడు కొలెస్టరాల్‌ను అసలుగా పెంచేది నెయ్యి, వెన్న వంటివాటిలో ఉండే సంతృప్త కొవ్వులు, నూనెను డాల్డాలా గట్టిపరిచేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వులు. గుడ్డులో సంతృప్త కొవ్వు గ్రామున్నర మాత్రమే. ఈ సంగతులు తేలాకనే 2015-20 కాలానికి ఇచ్చిన అమెరికా ఆహార మార్గదర్శకాల్లో 300 మిల్లీగ్రాముల హద్దును తీసేశారు. అప్పట్లో వారానికి మూడన్న హార్ట్ అసోసియేషనే 2019లో, ఆరోగ్యవంతులు మంచి ఆహారంలో భాగంగా రోజుకొక గుడ్డు తినొచ్చంది. హద్దు పెట్టిన వార్త మన దాకా వచ్చింది, తీసేసిన వార్త మాత్రం రాలేదు. అందులో మాలాంటి పత్రికల బాధ్యత కూడా ఉంది.

అలాగని వాదం పూర్తిగా ముగిసిపోయిందని మేము చెప్పం. 2019లోనే దాదాపు 30 వేల మంది అమెరికన్ల వివరాలతో వచ్చిన ఒక అధ్యయనం, గుడ్లు ఎక్కువ తిన్నవారిలో గుండె జబ్బులు కొంచెం ఎక్కువగా కనిపించాయంది. మరుసటి ఏడాది 50 దేశాలకు చెందిన లక్షా 77 వేల మందిని పరిశీలించిన అధ్యయనంలో గుడ్లకూ గుండె జబ్బులకూ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఇవన్నీ జనం ఏం తిన్నారో అడిగి రాసుకున్న లెక్కలు. అమెరికాలో గుడ్డుతోపాటు బేకన్, సాసేజ్, వెన్న రాసిన బ్రెడ్ తినేవాళ్లు ఎక్కువ. ఏది ఎంత చెడు చేసిందో విడదీయడం తేలిక కాదు. మొత్తం మీద బరువు చూస్తే, ఆరోగ్యంగా ఉన్నవారికి రోజుకో గుడ్డు హాని చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదనే వైపే మొగ్గు ఉంది.

మధుమేహం ఉన్నవాళ్ల సంగతి వేరు. కొన్ని అధ్యయనాల్లో వాళ్లలో ఎక్కువ గుడ్లకూ గుండె జబ్బులకూ సంబంధం కనిపించింది. 2023లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్లు దాటారు. షుగర్ ఉన్నవారు, వంశపారంపర్యంగా కొలెస్టరాల్ బాగా ఎక్కువగా ఉన్నవారు, స్టెంట్ వేయించుకున్నవారు ఎన్ని తినాలో తమ డాక్టర్‌నే అడగాలి. వాట్సాప్‌ను కాదు, పత్రికనూ కాదు. మిగతావాళ్లకు మాత్రం రోజుకో గుడ్డు, పచ్చసొనతో సహా, టెన్షన్ పడాల్సిన విషయం కాదు.

మన దగ్గర భయపడాల్సింది గుడ్డు చుట్టూ చేరేవాటికి. సాయంత్రం ఇరానీ కేఫ్‌లో చాయ్‌తో తినే ఎగ్ పఫ్‌ను చూడండి. లోపల ఉన్నది అర గుడ్డు. దాని చుట్టూ పొరలు పొరలుగా మైదా, డాల్డా. రోడ్డు పక్క బండి మీద మూకుడులో నల్లబడిన నూనెతోనే పొద్దుటి బజ్జీ, రాత్రి ఎగ్ ఫ్రైడ్ రైస్ రెండూ అవుతాయి. ఇంట్లో పచ్చసొన తీసేసి తిన్న మనిషి సాయంత్రం అక్కడ నిలబడి రెండు పఫ్‌లు తినడం మేము చూస్తూనే ఉన్నాం. అతని గుండె మీద పడే భారమంతా ఆ పఫ్‌లదే. తినే పదార్థంలోని మొత్తం కొవ్వులో ట్రాన్స్ కొవ్వులు 2 శాతం మించరాదని దేశంలో 2022 జనవరి నుంచి నిబంధన ఉంది. మన బేకరీల్లో దాన్ని ఎవరు తనిఖీ చేస్తున్నారో ఆహార భద్రతా విభాగం జనానికి చెప్పాలి. ఇంట్లో ఉడకబెట్టుకున్న గుడ్డు, చెంచాడు నూనెతో చేసిన పొరటు, ఉల్లిపాయలు దండిగా వేసిన పులుసు: వీటిలో దేనికీ ఇంత తంటా లేదు.

ఇక పచ్చి గుడ్డు. బలం వస్తుందని గ్లాసులో కొట్టుకుని తాగే అలవాటు వ్యాయామశాలల్లో ఇంకా పోలేదు. పచ్చి గుడ్డులోని మాంసకృత్తుల్లో సగమే ఒంటికి పడుతుందనీ, ఉడికితే 90 శాతం దాకా అందుతుందనీ పరిశోధనలో తేలింది. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే పదార్థం బయోటిన్ విటమిన్‌ను శరీరానికి అందకుండా పట్టేస్తుంది. వీటన్నిటికంటే పెద్ద ముప్పు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా. 2024 అక్టోబరులో మన నగరంలోనే మయోనైజ్ అనే తెల్లటి సాస్‌తో మోమోలు తిన్నవారిలో ఒక మహిళ మరణించింది, పలువురు ఆస్పత్రి పాలయ్యారు. ఆ నెల 30న రాష్ట్ర ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. మన ఎండల్లో గంటల తరబడి బయట ఉంచిన మయోనైజ్ ఎంత ప్రమాదమో తెలుసుకోవడానికి ఒక ప్రాణం పోవాల్సి రావడం బాధాకరం. షవర్మా, మండీ దుకాణాల్లో ఆ తెల్లటి సాస్ దేనితో చేశారని అడిగే హక్కు కొనేవాడికి ఉంది. పిల్లలకు, గర్భిణులకు, పెద్దవాళ్లకు గుడ్డు గట్టిపడేదాకా ఉడికించే పెట్టాలి.

మరో రెండు సందేహాలు: నాటు గుడ్డు ఫారం గుడ్డు కంటే మేలా, ఎండాకాలంలో గుడ్డు వేడి చేస్తుందా? పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పచ్చసొన రంగు కోడి తిన్న మేతను బట్టి వస్తుంది. రుచి సంగతి ఎలా ఉన్నా, పోషకాల్లో నాటు గుడ్డుకూ ఫారం గుడ్డుకూ ఉన్న తేడా ధరలో ఉన్న తేడా అంత లేదు. ఎండాకాలంలో గుడ్డు వేడి చేస్తుందన్న నమ్మకానికి శాస్త్రంలో ఆధారం లేదు. వేసవిలో చూసుకోవాల్సింది గుడ్డు తాజాగా ఉందా అనే. గిన్నెడు నీళ్లలో వేస్తే తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది, బాగా పాతది తేలుతుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన అంగన్‌వాడీ పిల్లల పళ్లెం దగ్గరికి వద్దాం. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి అదే బాధ. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చింది. అప్పటి నుంచి తార్నాకలో కూర్చుని దేశమంతా ఏం తినాలో చెబుతోంది. ఆ సంస్థ ఉన్న రాష్ట్రంలో ఈ అంకెలు మనల్ని కుదురుగా ఉండనివ్వకూడదు.

గుడ్డు ఒక్కటే ఈ లెక్కలన్నీ మార్చేస్తుందని మేము అనడం లేదు. గుడ్డులో ఇనుము తక్కువ, అదీ ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనతకు ఆకుకూర, దానిమీద నిమ్మకాయ పిండుకోవడం, మాత్రలు, భోజనం కాగానే టీ తాగే అలవాటు మానడం కావాలి. ఈక్వెడార్‌లో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకు ఆరు నెలలపాటు రోజుకో గుడ్డు పెడితే ఎదుగుదల లోపం దాదాపు సగానికి తగ్గింది. మలావిలో అలాగే చేస్తే ఎత్తులో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. కానీ ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజూ మాంసమో, చేపో, గుడ్డో పెట్టాలని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ మూడింటిలో కూలి ఇళ్లకు రోజూ అందగలిగింది గుడ్డే.

మంచి పథకాలు మనకు లేకపోలేదు. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మిలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి అన్నం, పాలు, రోజుకో గుడ్డు పెట్టాలని పెట్టుకున్నాం. ఇంటికిస్తే ఆ గుడ్డు నలుగురి మధ్య పంచుకుపోతుందని, తల్లికి చివర మిగిలేది పులుసేనని తెలిసినవాళ్లు చేసిన ఆలోచన అది. బడుల్లో మాత్రం మన దగ్గర వారానికి మూడు గుడ్లే. తమిళనాడులో ఐదు ఇస్తున్నారు, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లోనూ ఐదు ఇస్తూ వచ్చారు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి మూడు రాష్ట్రాల్లో ఒకటైన మనకు ఇంకో రెండు పెట్టడం కష్టం కాకూడదు. గుడ్డు తినని ఇళ్ల పిల్లలకు బదులుగా పాలో పెరుగో, పల్లీ చిక్కీయో ఇవ్వాలి. వాళ్ల పద్ధతిని గౌరవించాలి. ఆ పేరు చెప్పి మిగతా పిల్లల గుడ్డును మాత్రం ఆపకూడదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. కార్తీకంలో దిగిన గుడ్డు ధర చలికాలంలో ఎగబాకుతుంది. ప్రభుత్వం ఇచ్చే రేటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తేడా ఎవరు భరించాలి? బడిలో వంట చేసే మహిళలు భరిస్తున్నారు. బిల్లులు నెలల తరబడి రాక, అప్పు తెచ్చి ట్రేలు కొంటున్నారు. చేతకానప్పుడు మూడు గుడ్లు రెండవుతున్నాయి, రెండు ఒకటవుతున్నాయి. అంగన్‌వాడీలకు చిన్న గుడ్లు, పాడైన గుడ్లు వస్తున్నాయన్న ఫిర్యాదులూ ఆగడం లేదు. దీనికి మందు కనిపెట్టాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో 100 గుడ్ల ధర ప్రతి రోజూ ప్రకటిస్తారు. బడికి ఇచ్చే గుడ్డు రేటును ఆ నెల ప్రకటిత ధరల సగటుకు కట్టేయాలి, పైన రవాణా ఖర్చు కలపాలి, బిల్లును మరుసటి నెల పదో తేదీలోపు వంట చేసిన ఆమె ఖాతాలో వేయాలి. అంగన్‌వాడీకి వచ్చిన ట్రేను టీచర్ తూకం వేసి, తక్కువుంటే వెనక్కి పంపే అధికారం ఆమెకే రాసివ్వాలి. జూన్‌లో బడులు తెరిచేలోపు ఈ ఉత్తర్వులు రావాలి.